బెంగళూర్లో శనివారం రాత్రి ఒక్కటే ఉండాది, రూము యాడ తీసుకోవాల, ఏ పబ్బుకి పోవాల?

మినీబైపాస్ కుర్రోడు, నెల్లూరు:
అందరికీ నమస్తే. మేం నలుగురం ఇంటర్ నించి ఒకే బెంచీ, అందులో ఒకడు వచ్చే నెల ఆస్ట్రేలియా పోతండాడు, మళ్లీ నలుగురం ఒకచోట ఎప్పుడు కూచుంటామో తెలీదు. అందుకని శుక్రవారం రాత్రి అయ్యప్పగుడి కాడ బస్సెక్కి బెంగళూరు పోయి ఆదివారం రాత్రి బస్సుకి తిరిగొచ్చేయాలని అనుకుంటండాం. మెజిస్టిక్ బస్టాండు కాడ రూములు చవగ్గా కనపడతండాయి, ఇంకోడేమో కోరమంగళ అంటండాడు. పబ్బులు చూస్తే ఎన్నో ఉండాయి, అన్నిట్లో డీజే ఫొటోలే. మాకు డాన్సులొద్దు, కూచోని మాట్లాడుకోవాల, ఒకడి మాట ఇంకోడికి వినపడాల. మాలో ఒకడు మందు ముట్టడు, వాడికి గూడా బాగుండాల. పోయొచ్చినోళ్లు చెప్పండబ్బా.

కావలోడు, ఇప్పుడు బెంగళూరు:
తమ్ముడూ, రూమూ పబ్బూ వేరేవేరేగా వెతకబాకండి. ఈడ పబ్బులు రాత్రి 1 దాకా ఉంటాయి, మెట్రో చూస్తే 11 అయ్యేసరికి సర్దేస్తది, ఆ రెండు గంటల్లో ఆటోవోళ్లు నోటికొచ్చింది అడుగుతారు. మెజిస్టిక్‌లో రూముకి మిగిలిందంతా ఆడనే పోతది. కోరమంగళలో పబ్బులకి తక్కువేం లేదుగానీ మెట్రో లేదు. ఎం.జి. రోడ్డు, చర్చి స్ట్రీటు, బ్రిగేడ్ రోడ్డు, ఈ మూడిటికీ నడిచిపోయేంత దూరంలో రూము తీసుకోండి, చిన్నదైనా పర్లేదు. ఇంకోటి, మన బస్సులు కోలారు మీదుగా వస్తాయి గదా, మెజిస్టిక్ దాకా పోకుండా టిన్ ఫ్యాక్టరీ కాడ దిగేయండి, దగ్గర్లోనే కె.ఆర్. పురం మెట్రో, పర్పుల్ లైన్లో ఆడనించి ఏడో స్టేషను ఎం.జి. రోడ్డు.

పబ్బంటే నేనైతే సాయంత్రం 5కే ఇందిరానగర్ టాయిట్‌కి పొమ్మంటా. 2010 నించి ఉండాది, బీరు ఆడనే తయారుచేసి పోస్తారు. శనివారం చీకటి పడితే మాత్రం బయట నిలబడాల. వీట్ బీరు, అంటే గోధుమలతో చేసేది, తీసుకొని తాగకముందు వాసన చూడండి, మాగిన అరటిపండు వాసనొస్తది. పండేమీ వెయ్యరు, పులియబెట్టే ఈస్టు గుణమే అది. సీసా బీరు అలవాటైన నోటికి మొదటి గుటక ఇదేందబ్బా అనిపిస్తది, సగం గ్లాసయ్యాక గానీ దాని సంగతి తెలీదు. జనం ఎక్కువైనాక లేచి మెట్రో ఎక్కితే మూడో స్టేషనే ఎం.జి. రోడ్డు. ఆడ రెస్ట్ హౌస్ రోడ్డులో పెకోస్ అనే పబ్బు, 1989 నాటిది, పాత రాక్ పాటలు పెడతారు, ఎంతసేపు కూచున్నా ఎవరూ లెమ్మనరు. ఆడనించి రూముకి నడక. మీ తాగనోణ్ణి పగలు చర్చి స్ట్రీట్లో బ్లాసమ్ పుస్తకాల షాపుకి తీసకపోండి, పొద్దున టిఫిను సెయింట్ మార్క్స్ రోడ్డు కోషీస్‌లో.

ఒంగోలు అక్క:
పైన తమ్ముడు చెప్పింది నిజమే గానీ పబ్బుకి దగ్గరంటే మరీ పబ్బు నెత్తిన కాదు. పోయినేడు మేం ముగ్గురు ఆడోళ్లం బ్రిగేడ్ రోడ్డు వైపు ఒక హోటల్లో దిగాం, పేరెందుకులే. ఫొటోల్లో రూము అద్దంలా ఉంది, కింద పబ్బుందని మాత్రం ఎక్కడా రాయలేదు. రాత్రి 1 దాకా టేబుల్ మీద గ్లాసులో నీళ్లు వణుకుతానే ఉన్నయ్యి, దిండు కింద తల పెట్టినా దరువు వినపడతానే ఉంది. అందుకని డబ్బు కట్టకముందే ఫోన్ చేసి అడగండి, కింద గానీ పక్కన గానీ బార్ ఉందా, వెనకవైపు రూము ఇస్తారా అని. ఇంకో ముఖ్యమైంది, బస్సు పొద్దున్నే దించేసిద్ది, చెకిన్ చూస్తే 12కి. అప్పటిదాకా సామాను పెట్టుకొని మొహం కడుక్కోనిస్తారా లేదా కనుక్కోండి, లేకపోతే సగం రోజు బ్యాగులు మోసుకు తిరగడంతోనే అయిపోయిద్ది. నలుగురూ ఆధార్ పెట్టుకోండి, మందుకి 21 నిండాలి. అందరూ మగపిల్లలే కాబట్టి శనివారం రాత్రి కొన్ని పబ్బుల్లోకి రానివ్వరు, జంటలైతేనే అంటారు. ముందే అడిగి టేబుల్ చెప్పుకోండి.

గూడూరు వాసి:
బస్సుకే పోండి, కారు మాట ఎత్తబాకండి. తాగి నడిపితే, 100 మి.లీ. రక్తంలో ఆల్కహాలు 30 మి.గ్రా. దాటితే కేసే, మొదటిసారికే 10,000 దాకా జరిమానా, జైలు గూడా ఉండాది. బిల్లొచ్చినాక సర్వీస్ చార్జీ వేశారేమో చూసుకోండి, అది కట్టి తీరాలని లేదు, 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల అథారిటీ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు గూడా అదే ఖాయం చేసింది. మర్యాదగా అడిగితే తీసేస్తారు, నాకు తీసేశారు. రూము రోజుకి 7,500 లోపైతే జీఎస్టీ ఇప్పుడు 5 శాతమే, 2025 సెప్టెంబర్ 22 ముందు 12 ఉండేది, పాత లెక్క వేస్తే అడగండి.

మినీబైపాస్ కుర్రోడు, నెల్లూరు:
అన్నా, అక్కా, అందరికీ చాలా థాంక్స్. పొద్దున కూచోని నాలుగు హోటళ్లకి ఫోన్ చేశా. ముగ్గురు పొద్దున్నే వస్తే కుదరదన్నారు, చర్చి స్ట్రీట్ వెనక సందులో ఒకాయన సామాను పెట్టుకోండి, బాత్రూము వాడుకోండి అన్నాడు, బార్ గూడా లేదంట, అదే బుక్ చేసేశా, రెండు రూములు. తాగనోడు మధ్యాహ్నం రెసిడెన్సీ రోడ్డు నాగార్జునలో భోజనం తన లెక్క అన్నాడు. కావలి అన్నా, శనివారం 5కి మీరు ఖాళీ అయితే టాయిట్ కాడికి రండి, మీకని మలైకాజా తెస్తండాం.