జూలై 4 కుకౌట్‌కి షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్ళు కూడా తినగలిగే మెనూ చెప్పండి

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేం డాలస్‌లో ఉంటాం, ఈ జూలై 4కి, అంటే అమెరికా ఇండిపెండెన్స్ డేకి, బ్యాక్‌యార్డ్‌లో కుకౌట్ (ఆరుబయట గ్రిల్ మీద కాల్చుకుని తినే పార్టీ) పెట్టి ఓ పాతికమందిని పిలుద్దామనుకుంటున్నాం. అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చున్నారు, నాన్నకి షుగర్, అమ్మకి బీపీ. ఎవరింటికెళ్ళినా అదే మెనూ, హాట్ డాగ్స్, బర్గర్లు, చిప్స్, కోక్. వీళ్ళిద్దరికీ విడిగా ఇడ్లీ పెట్టి ఓ మూల కూర్చోబెట్టడం నాకిష్టం లేదు, అందరూ తినేదే వాళ్ళూ తినాలి. సగంమంది వెజ్. గ్యాస్ గ్రిల్ ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు:
కాల్చిన చికెన్‌తో మీ నాన్నగారికి ఇబ్బందేం లేదండి, ఇబ్బందంతా దాని చుట్టూ ఉండేవాటితోనే. 12 ఔన్సుల కోక్ క్యాన్‌లో 39 గ్రాముల పంచదార ఉంటుంది, సీసాలో దొరికే బార్బెక్యూ సాస్‌లో కూడా బోలెడు తీపి, హాట్ డాగ్స్‌లో ఉప్పు బాగా ఎక్కువ. ఈ మూడూ తీసేస్తే సగం పని అయిపోయినట్టే.

బోన్‌లెస్ చికెన్ థైస్ (తొడ ముక్కలు) తెచ్చి స్కిన్, కొవ్వు తీసేసి గట్టి పెరుగు, అల్లంవెల్లుల్లి, పసుపు, కారం, ధనియాలపొడి, మిరియాలు, ఓ గరిటె నూనె పట్టించి ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఉప్పు మామూలుగా వేసేదాంట్లో సగం వేయండి చాలు, గ్రిల్ మీంచి తీయగానే నిమ్మకాయ పిండితే తగ్గించారని ఎవరికీ తెలీదు. గ్రిల్ మీద పెట్టేముందు పైనున్న పెరుగు ముద్ద తుడిచేయాలి, లేకపోతే ముక్క ఉడక్కముందే అది మాడిపోతుంది. ఒకవైపు బర్నర్ ఆపి ఉంచుకోండి, కొవ్వు కారి మంట లేచినప్పుడు ముక్కల్ని అటు జరపడానికి. ఆ పొగ, నల్లగా మాడిన భాగం ఒంటికి మంచివి కావు, మాడితే కోసి పారేయండి. లోపల 165 ఫారెన్‌హీట్ వచ్చిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూడండి, రంగు చూసి ఉడికిందనుకోవద్దు.

ఇంకో జవాబు:
అక్కా, వెజ్ వాళ్ళవి ముందు కాల్చేయండి, శుభ్రంగా ఉన్న గ్రిల్ మీద, పట్టకారు, ప్లేట్లు వేరేగా. మా ఇంట్లో అందరూ ముందు ఎగబడేది మొక్కజొన్న పొత్తులమీదే, బటర్ బదులు నిమ్మచెక్కని కారంలో అద్ది రుద్దుతాం. నాన్నగారికి సగం పొత్తు చాలు, అదీ పిండిపదార్థమే కదా. పెద్ద వంకాయలు కాల్చి తొక్క తీసి పచ్చిమిర్చి, ఉల్లిపాయతో పెరుగుపచ్చడి చేస్తే చిప్స్ డిప్ ఎవరూ అడగరు. మయోనైజ్ పొటాటో సలాడ్ బదులు పెసరపప్పు నానబెట్టి కీరా, పచ్చిమామిడి తురుము కలిపి వడపప్పు చేయండి. తాగడానికి అల్లం, కరివేపాకు దంచి వేసిన పల్చటి మజ్జిగ, అమ్మగారికి ఉప్పు లేకుండా ఓ జగ్గు వేరే.

మళ్ళీ ప్రశ్న:
చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. పిల్లలు హాట్ డాగ్స్ లేవంటే గొడవ చేస్తారేమో, దానికేం చేయాలి? ఇంకా ఆ ఎండలో ఫుడ్ ఎంతసేపు బయట ఉంచొచ్చు?

జవాబు:
చికెన్ కీమాలో కొత్తిమీర, ఉల్లిపాయ వేసి పొడుగ్గా చుట్టి కాల్చి అదే బన్‌లో పెట్టివ్వండి, పిల్లలు హాయిగా తింటారు. దీనికీ 165 రావాల్సిందే. ఎండ 90 ఫారెన్‌హీట్ దాటితే వండినవి గంటకి మించి బయట ఉంచకూడదు, డాలస్‌లో జూలై అంటే దాటినట్టే అనుకోండి. అందుకని కొంచెం కొంచెంగా కాలుస్తూ పెట్టండి, పెరుగు ఐటమ్స్ ఐస్ ట్రేలో ఉంచండి.

ఇంకోటి, మెనూ కన్నా ముఖ్యం. కుకౌట్‌కి 5కి రమ్మంటాం, తినేసరికి 8 అవుతుంది. షుగర్‌కి ఇన్సులిన్ గానీ కొన్నిరకాల మాత్రలు గానీ వేసుకునేవాళ్ళు అలా ఆగితే షుగర్ పడిపోతుంది, అది చాలా ప్రమాదం. గ్రిల్ మీంచి దిగిన మొదటి ప్లేటు నాన్నగారికి, ఆయన రోజూ తినే టైముకే ఇచ్చేయండి. ఇన్సులిన్ వాడుతుంటే పెన్ ఇంట్లోనే ఉంచండి, బయట టేబుల్ మీద వేడికి పాడవుతుంది. అమ్మగారు బీపీకి వాటర్ టాబ్లెట్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర) వేసుకుంటుంటే ఎండలో కళ్ళు తిరగొచ్చు, ఆవిడ కుర్చీ నీడలో వేసి, నీళ్ళెంత తాగొచ్చో డాక్టర్‌ని ముందే అడిగి ఉంచుకోండి.