బాలమురళి గారి చివరి కచేరీలు: పాడాల్సిందా, మానుకోవాల్సిందా?

సత్యనారాయణపురం శ్రోత:
మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 2016 నవంబర్ 22న చెన్నైలో పోయారు. అప్పటికి ఎనభై ఆరేళ్ళు. ఎనభై దాటాక కూడా వేదిక ఎక్కి పాడారు. యూట్యూబ్‌లో ఆ చివరి ఏళ్ళ కచేరీ ఏది తెరిచినా, పెద్దాయన అప్పటికే ఆపేసి ఉంటే బాగుండేదని కింద ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఆ మాట చూసిన ప్రతిసారీ నాకు బాధేస్తుంది.

ఈ సంగతి బెజవాడ వాళ్ళం మాట్లాడుకోకపోతే ఇంకెవరు మాట్లాడుకుంటారు? పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర ఆయన పాఠం ఇక్కడే. ఎనిమిదేళ్ళకి త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ ఇక్కడే. ఆకాశవాణి విజయవాడలో భక్తిరంజని, సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్‌గిరీ, అన్నీ మన కళ్ళ ముందే. నా మట్టుకు నేను ఆయన పాడటం సరైన పనే అంటాను. అందరూ గొంతు గురించే మాట్లాడుతున్నారు. ఆయన గొంతు ఒక్కటే ఉన్న మనిషి కాదు. ఆ పాటలు కట్టింది కూడా ఆయనే. మీరేమంటారు?

బ్రాడీపేట రాధ:
నేను ఒప్పుకోనండీ. ఆయనంటే అభిమానం లేక కాదు, ఉండబట్టే.

మా గుంటూరు వైపు రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టిన ఎస్. జానకి గారిని చూడండి. 2017లో మైసూరులో కచేరీ చేసి ఇక చాలన్నారు.  ఇవాళ ఆమె పేరు చెబితే ఎవరికైనా చెవిలో మోగేది నిండు గొంతే. బాలమురళి గారికి ఆ అదృష్టం లేకుండా చేశారు. చేసింది ఆయన కాదు, సభల వాళ్ళు. పోస్టర్ మీద ఆ పేరుంటే హాలు నిండుతుంది కదా. ఎనభై ఏళ్ళ మనిషిని గంటల తరబడి కూర్చోబెట్టి, రాగం తానం పల్లవి లాంటి పొడుగాటి అంశం కూడా కావాలంటే ఎలా?

నేను విన్న రికార్డింగుల్లో చరణంలో తారస్థాయికి, అంటే పై స్వరాలకి, వెళ్ళాల్సిన చోటికి వచ్చేసరికి ఆయన మాట మీద ఆగిపోయి కిందకి దిగిపోతారు. చిన్నప్పటి నుంచి పాటలో ఆ మలుపు పైకి వెళ్ళడమే విన్నదాన్ని. అక్కడ ప్రాణం కలుక్కుమంటుంది. ఇంకో మాట కూడా ఉంది. ఆ కచేరీల్లో త్యాగయ్య, దీక్షితులు తగ్గిపోయి ఎక్కువగా ఆయన సొంత రచనలే వినిపించేవి. అదీ నాకు నచ్చలేదు.

అరండల్‌పేట సంగీతం టీచర్:
ముప్పై ఏళ్ళు దాటిన దగ్గర్నుంచి డెబ్భై పైబడ్డ వాళ్ళ దాకా నా దగ్గర పాడుతుంటారు కాబట్టి గొంతు సంగతి కొంచెం చెబుతాను. వయసు మీద పడేకొద్దీ స్వర తంత్రులు పలచబడతాయి, సాగే గుణం తగ్గుతుంది. గొంతులోని మృదులాస్థి గట్టిపడుతుంది. ఊపిరి నిలిపే శక్తి తగ్గుతుంది. ముందు పోయేవి పై స్వరాలు, ఆ తర్వాత బిర్కాలు, అంటే వేగంగా దొర్లే స్వరాలు. నిలకడగా ఒక స్వరం మీద ఉందామంటే సన్నగా వణుకుతుంది. ఇది సాధన లోపం కాదు, ఒంటి ధర్మం.

అనుభవం ఉన్నవాళ్ళు దీనికి సర్దుబాట్లు చేసుకుంటారు. శృతి, అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే స్వరం, అర కట్టో ఒక కట్టో దించుతారు. మైకుకి దగ్గరగా జరుగుతారు. పొడుగు సంగతుల్ని (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరుల్ని) రెండుగా విరుస్తారు. శిష్యుల్ని వెనక కూర్చోబెట్టుకుని పై స్థాయి వాళ్ళకి వదిలేస్తారు. రాధ గారు చెప్పిన ఆ కిందకి దిగడం కూడా ఇలాంటి సర్దుబాటే. ఆయన స్వరం తప్పలేదు. వెళ్ళలేని చోటికి వెళ్ళబోయి అపశృతి పలకడం కన్నా దారి మార్చుకోవడం నయం. పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలకి వినిపించేది కూడా ఆ దారి మార్చడాన్నే.

ఇంకోటి. తమిళనాడు విద్వాంసులు శెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ గారు తొంభై ఏళ్ళ వయసులోనూ పాడారు. ఆయన్ని ఆపమన్నవాళ్ళు తక్కువ. ఎందుకంటే ఆయనది మొదట్నుంచీ ముక్కుతో కలిసిన గరుకు గొంతు. వినేవాళ్ళు అందులో భావం వెతుక్కోవడానికి అలవాటుపడ్డారు. బాలమురళి గారిది మూడు స్థాయిల్లోనూ వెన్నలా తిరిగిన గొంతు. మనం ఆ గొంతుకి అలవాటుపడ్డాం. అందుకే ఆయన వయసు మనకి ఎక్కువగా వినిపిస్తుంది.

సత్యనారాయణపురం శ్రోత:
టీచర్ గారూ, ఆ శెమ్మంగుడి పోలిక నాకు ఎప్పుడూ తట్టలేదు. థాంక్సండీ.

రాధ గారూ, జానకి గారి నిర్ణయం గొప్పదే. కానీ రెండూ ఒకటి కాదు. జానకి గారు పాడిన పాటకి బాణీ వేరొకరిది, మాట వేరొకరిది. ఆమె ఆపినా పాట రికార్డులో అలాగే ఉంటుంది, దాన్ని మార్చాల్సిన అవసరం ఆమెకి లేదు. బాలమురళి గారు ఇరవై ఏళ్ళు నిండకముందే 72 మేళకర్తల్లోనూ, అంటే మిగతా రాగాలకి మూలమైన రాగాలన్నిట్లోనూ, కృతులు కట్టారు. 1952లో అవి జనక రాగ మంజరి పేరుతో పుస్తకంగా వచ్చేనాటికి ఆయనకి ఇరవై రెండేళ్ళు. అంటే చివరి కచేరీల్లో మనం విన్నది, కుర్రతనంలో రాసుకున్న పాటల్ని అరవై ఏళ్ళు మోసిన తర్వాత ఆ మనిషే మళ్ళీ పాడటం. అది ఇంకెవరు పాడగలరు? సొంత రచనలు ఎక్కువయ్యాయని మీరు తప్పు పట్టారు. అవే పాడాల్సినవి అంటాను నేను. త్యాగరాజ కృతులు పాడటానికి దేశం నిండా విద్వాంసులున్నారు.

ఒక్క ఉదాహరణ ఇస్తాను. ఆయనే కట్టిన లవంగి రాగం. అందులో ఉన్నవే నాలుగు స్వరాలు, స రి మ ద. శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. గాంధారం లేదు, పంచమం లేదు, నిషాదం లేదు. (ఆయన కొత్త రాగాల మీద వీణ బాలచందర్ గారు లేవదీసిన వివాదంలోకి ఇక్కడ దిగొద్దు. దానికి వేరే చర్చ పెట్టుకుందాం.) ఆయన మంచి వయసులో పాడిన లవంగిలో ఆ ఖాళీలు తెలియవు. రి నుంచి మ కి, ద నుంచి పై స కి ఎంత వేగంగా దూకుతారంటే అక్కడ స్వరాలు లేవన్న సంగతే మనకి గుర్తుండదు. నా దగ్గరున్న పెద్ద వయసు రికార్డింగులో ఆ వేగం లేదు. రిషభం మీద ఆగుతారు. ఆగి, దాన్ని షడ్జం వైపు కొద్దిగా వాల్చి, ఊపిరి తీసుకుంటారు. ఆ ఊపిరి చప్పుడు మైకులో స్పష్టంగా పడింది. తర్వాత మధ్యమం. మధ్యలో తంబురా ఒక్కటే మోగుతుంటుంది. అప్పుడు తెలిసింది నాకు ఈ రాగంలో ఎంత చోటు ఖాళీగా ఉందో, ఆ ఖాళీని వదిలిపెట్టే ధైర్యం కట్టినవాడికి ఎంత కావాలో. కుర్ర బాలమురళి నాకు ఈ సంగతి చూపించలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం సాహిత్య, సంగీత అకాడమీలను రద్దు చేసినప్పుడు నిరసనగా ఆంధ్రలో పాడనని ఆయన శపథం పట్టారు. ఏళ్ళ తరబడి పాడలేదు. యాభై దాటి, గొంతు పండిన వయసులో ఉన్న ఆయన్ని మద్రాసు విన్నది, బొంబాయి విన్నది. మనం వినలేదు. మన తరానికి ఎదురుగా కూర్చుని వినడానికి దక్కింది ఆ పెద్ద వయసే. దాన్ని కూడా వద్దంటే మనకి మిగిలేది రేడియో టేపులే.

మృదంగం కుర్రాడు, కొత్తపేట:
పెద్దల మధ్య నేను మాట్లాడొచ్చో లేదో గానీ, లయ గురించి ఎవరూ ఎత్తలేదు. ఆయన మృదంగం వాయించేవారు, వయోలా, కంజీర కూడా. తిల్లానాల్లో గతిభేదం చేసేటప్పుడు, అంటే నడక మార్చేటప్పుడు, పక్క వాద్యం వాళ్ళకి చెమటలు పట్టేవని మా గురువు గారు అనేవారు. నేను చివరి రికార్డింగులకి తాళం వేసుకుంటూ సాధన చేస్తాను. గొంతు అలిసినా సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, పడటంలో తేడా లేదు. చతురశ్రం (నాలుగు నడక) నుంచి తిశ్రానికి (మూడు నడక) మారే చోట ఎక్కడా తడుముకోరు. తారస్థాయి కోసం చూసేవాళ్ళకి ఇది కనపడకపోవచ్చు.

బ్రాడీపేట రాధ:
బాబూ, మాట్లాడొచ్చు. మంచి మాట చెప్పావు.

శ్రోత గారూ, మీరు చెప్పిన లవంగిని ఈ రాత్రి తప్పకుండా వింటాను. శపథం వల్ల మనం పోగొట్టుకున్న కాలం గురించి కూడా మీతో ఏకీభవిస్తాను. మా నాన్నగారు ఆ బాధ చివరిదాకా చెప్పుకునేవారు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. మీరు విన్న ఆ ఆగడం, ఆ ఊపిరి, అంతా దగ్గరగా మైకు పెట్టి తీసిన రికార్డింగులో వినపడ్డాయి. వెయ్యి మంది కూర్చున్న హాల్లో, వెనక వరసలో, ఫ్యాన్ల మోత మధ్య మీకు అది వినపడేదా? నలుగురు శిష్యుల్ని కూర్చోబెట్టుకుని, ఇంట్లో, తోచినంతసేపు పాడించి రికార్డు చేసుకుని ఉండొచ్చు కదా. 72 కృతులూ ఆ వయసులో మళ్ళీ ఒకసారి. ఏ సభ వాళ్ళైనా ఆ పని తలపెట్టారా? హాలు అద్దె, శాలువా, దండ, ఫొటో, వీటి మీద పెట్టిన డబ్బులో కొంత పెడితే సరిపోయేది. ఆయన పాడకూడదని కాదు నేను అంటున్నది. అలా పాడించకూడదు అంటున్నాను.

అరండల్‌పేట సంగీతం టీచర్:
రాధ గారు చెప్పిన దానికి నా ఓటు. పెద్ద వయసులో ఉన్న విద్వాంసుడికి గంట కచేరీ చాలు. మొదట వర్ణం పెట్టి గొంతు అలవగొట్టే బదులు విలంబంలో ఒక కృతి, ఒక పదమో తత్వమో, చివర తిల్లానా. పక్కన ఆయన పాడే తీరు తెలిసిన శిష్యుడు ఒకరు. ఇప్పటికీ మన ఊళ్ళలో పెద్దవాళ్ళని పిలిచే సభలు ఈ పద్ధతి పాటించడం లేదు.

సత్యనారాయణపురం శ్రోత:
సభల విషయంలో వాదించను, మీ ఇద్దరూ చెప్పింది నిజం. కానీ జనం ముందు పాడటం వేరు రాధ గారూ. ఎనిమిదేళ్ళ నుంచి వేదిక మీద పెరిగిన మనిషి ఆయన. ఎదురుగా తల ఊపే మనిషి లేకపోతే ఆ రిషభం మీద అంతసేపు నిలబడేవారా అన్నది నా అనుమానం. ఇంట్లో రికార్డింగు కావాల్సిందే, హాలు కూడా కావాల్సిందే.

ఇక్కడ ఎవరి దగ్గరైనా ఆయన పెద్ద వయసు కచేరీల క్యాసెట్లు, సీడీలు ఉంటే ఒక పని చేయండి. మీద ఏ ఏడాది, ఏ ఊరు, శృతి ఎంత, వెనక పాడిన శిష్యులెవరు అన్నది రాసి ఇక్కడ పెట్టండి. ఆయన కట్టిన లవంగి, మహతి, సుముఖం రాగాలు ఉన్నవి ముందు. నా దగ్గర ఉన్నవి ఆదివారం నుంచి మొదలుపెడతాను. గుంటూరులో క్యాసెట్ ప్లేయర్ పనిచేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే టీచర్ గారికి చెప్పండి, ఆవిడ దగ్గర కూడా కొన్ని ఉన్నట్టున్నాయి.