తేదీల కట్ట ఊడిపోయిన క్యాలెండర్ బొమ్మ ఏ కాలానిది?

భోషాణం: మా నానమ్మ భోషాణంలో చీరల అడుగున ఒక పాత క్యాలెండర్ బొమ్మ దొరికింది. గులాబీరంగు చీర కట్టుకొన్న యువతి తామరకొలను గట్టు మీద కూర్చొని, చేతిలో సబ్బుబిళ్ళతో మనవైపు చూస్తున్నది. పైనున్న రేకు బద్ద తుప్పు పట్టింది. కింద తేదీల కట్ట పూర్తిగా ఊడిపోయింది. దీని కాలాన్ని ఎలా తెలుసుకోవాలి? మడత దగ్గరి చిరుగును ఎలా అతికించాలి? గోడకు తగిలించవచ్చునా?

గుంటూరు_గోడలు: మీ నానమ్మగారికి నా నమస్కారం. మా ఇంట్లో ప్రతి జూన్ నెలలోనూ పాత క్యాలెండర్లన్నీ మా పాఠ్యపుస్తకాలకు అట్టలయ్యేవి. తెల్లని వైపు పైకి, బొమ్మ లోపలికి వచ్చేటట్లు వేసేవారు. ఏడాది చివరికి లక్ష్మీదేవి ముఖం జిగురుతో సహా చిరిగి చెత్తబుట్టలో చేరేది. ఆ నష్టాన్ని తలచుకొంటే ఇప్పటికీ నాకు బాధ కలుగుతుంది.

శిలాముద్ర: నేను 31 సంవత్సరాలు ముద్రణాలయంలో పనిచేసినవాణ్ణి కనుక అనుభవంతో చెబుతున్నాను. బొమ్మను భూతద్దం కింద పెట్టండి. రాతి అచ్చులో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి ఉంటుంది, చుక్కలను చేతితో పెడతారు కాబట్టి అవి చిన్నా పెద్దా కలిసి చెదిరి ఉంటాయి. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రారంభించి, తర్వాత లోనావాలా దగ్గరి మళవలికి తరలించిన ముద్రణాలయపు బొమ్మలు అటువంటివే. చుక్కలు వరుసగా, పువ్వురేకుల మాదిరిగా అమరి ఉంటే మాత్రం అది ఇటీవల వేసిన నకలు. దానికి విలువ లేదు.

కోవిల్పట్టి_అభిమాని: శిలాముద్రగారి చివరి వాక్యం పూర్తిగా తప్పు. వరుస చుక్కలు ముద్రణ పద్ధతిని తెలుపుతాయే గాని కాలాన్ని తెలుపవు. బెంగాలీ రచయిత, ముద్రాపకుడు ఉపేంద్రకిశోర్ రాయ్ గత శతాబ్దం తొలినాళ్ళకే కలకత్తాలో హాఫ్‌టోన్ అనే, బొమ్మను వరుస చుక్కలుగా విడగొట్టి అచ్చువేసే పద్ధతి మీద పరిశోధించి, ఆ పద్ధతిలో బొమ్మలు అచ్చువేశారు. చుక్కలు కనిపించిన ప్రతి బొమ్మనూ నకలు అంటే కొండయ్యరాజు వంటి చిత్రకారుల బొమ్మలతో శివకాశిలో అచ్చయిన క్యాలెండర్లలో సగం పారవేయవలసి వస్తుంది.

శిలాముద్ర: నేను చేతులకు సిరా పూసుకొని నేర్చుకొన్న విద్య ఇది. పుస్తకాలు చదివినవారు నాకు చుక్కల గురించి చెప్పనవసరం లేదు.

కోవిల్పట్టి_అభిమాని: మీ అనుభవాన్ని నేను గౌరవిస్తాను. కానీ రెండేళ్ళ క్రితం ఒక వ్యాపారి ఇదే భూతద్దపు మాట చెప్పి, నా దగ్గరున్న అసలు బొమ్మను నకలని నమ్మించి, రెండు వందల రూపాయలకు తీసుకొనిపోయాడు. అందుకే ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. విలువ లేదని తీర్పు చెప్పే ముందు కాగితాన్ని, ప్రకటనలోని అక్షరాలను కూడా చూడాలి.

మిన్నెసోటా_తెలుగు: మా సెయింట్ పాల్ నగరంలోని బ్రౌన్ అండ్ బిగెలో సంస్థ కోసం గిల్ ఎల్వ్‌గ్రెన్ గీసిన పిన్-అప్ (గోడకు తగిలించుకొనే సొగసుకత్తెల) బొమ్మలు కూడా ఇదే పని చేశాయి. పైన అందమైన బొమ్మ, కింద స్థానిక వ్యాపారి పేరు, నెలల కాగితాలు ఉండేవి. కార్లు బాగుచేసే షెడ్లలో వాటిని తగిలించేవారు. ఇక్కడ అవి చూసినప్పుడల్లా మా ఊరి మంగలి దుకాణం గోడలే నాకు గుర్తుకు వస్తాయి.

సత్యవతి_కాకినాడ: రెండింటినీ ఒకే గాటన కట్టకండి. ఎల్వ్‌గ్రెన్ యువతి గాలికి ఎగిరిన గౌనుతో తడబడుతూ కనిపిస్తుంది, మగవాడి చూపు కోసమే ఆమెను గీశారు. మన సబ్బు క్యాలెండర్ యువతిని మా అమ్మ తరం ఆడవారు కూడా ఇష్టంగా చూశారు. ఆమె రవిక చేతుల కుట్టు చూపించి దర్జీ చేత అలాగే కుట్టించుకొన్నారు. 1941లో సినీనటి లీలా చిట్నిస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనిపించినప్పటి నుంచి సబ్బు అమ్మేవారు ఆడవారితోనే మాట్లాడారు.

మిన్నెసోటా_తెలుగు: మంగలి దుకాణంలో ఆ బొమ్మ చూసినవారు రవిక కుట్టు చూశారంటే నేను ఒప్పుకోలేను. ఒకే బొమ్మ వంటింట్లో ఒక విధంగా, దుకాణంలో మరొక విధంగా పనిచేసింది.

నయాపైసా: భోషాణంగారూ, బొమ్మ కింద వెల అచ్చయి ఉన్నదా? "న.పై." (నయా పైసలు) అని ఉంటే అది 1957 ఏప్రిల్ తర్వాతిది, ఇంచుమించు 1964 లోపుది, ఎందుకంటే 1964 జూన్ 1 నుంచి "నయా" అనే మాటను తొలగించారు. అణాలు ఉంటే అంతకంటే పాతది. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిదే.

భోషాణం: కుడివైపు మూలలో చిన్న అక్షరాలతో "వెల 55 న.పై." అని ఉన్నది! నానమ్మ పెళ్ళి 1963లో, శోభకృత్ సంవత్సర వైశాఖంలో జరిగింది. బొమ్మ అడుగున ఉన్నది ఆమె పెళ్ళిచీర కొన్న బట్టల దుకాణం పేరేనని నాన్న ఇప్పుడే చెప్పారు. చిరుగు సంగతి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

గుంటూరు_గోడలు: సెల్లో టేపు మాత్రం వేయకండి. దాని జిగురు కొన్నేళ్ళకు పసుపు మరకగా కాగితంలోకి దిగిపోతుంది, తీయబోతే రంగు కూడా ఊడివస్తుంది. గోధుమ పిండితో కాచిన పలుచని జిగురుతో వెనుక వైపు సన్నని కాగితపు పట్టీ అతికించండి. ఎండ తగిలే గోడ మీద తగిలించకండి. అన్ని రంగులకన్నా ముందు ఆ గులాబీరంగే వెలిసిపోతుంది.