బాతు గుడ్డుకి చిల్లు పడి 30 గంటలైంది, పిల్ల రావట్లేదు. పెంకు వలిచేయొచ్చా?

ప్రశ్న:
ఇంక్యుబేటర్లో 28వ రోజు. చిల్లు పడి 30 గంటలైనా పెంకు పగలడం ముందుకు సాగలేదు. ముక్కు కదులుతోంది, కూత వినిపిస్తోంది. చిల్లు చుట్టూ పొర తెల్లగా కాగితంలా ఉంది. మిగతా పిల్లలు వచ్చేశాయి, మూత తీసి వాటిని బయట పెట్టాం. తేమ 55 శాతం.

జవాబు 1:
ఇప్పుడే వలవకండి. కోడిపిల్లతో పోల్చుకునే చాలామంది కంగారు పడతారు. బాతుకి చిల్లు పడ్డాక 24 నుంచి 48 గంటలు మామూలే. ఆలోగా పొరలోని రక్తనాళాల్లో రక్తం పిల్ల ఒంట్లోకి వెళ్లాలి, మిగిలిన పచ్చసొన పొట్టలోకి పోవాలి. ముందే వలిస్తే రక్తం కారుతుంది, సొన బొడ్డు దగ్గర బయటే ఉండిపోతుంది. ముక్కుతో నమిలినట్టు, ఆవలించినట్టు చేస్తుంటే లోపల పని ఇంకా అవలేదన్నమాట.

చిక్కంతా తేమతోనే. చివరి మూడు రోజులు 70 శాతం పైనే ఉండాలి. మూత తీసినప్పుడు పొర ఎండి పిల్లకి చుట్టుకుపోతుంది, తిరగడానికి చోటుండదు. గోరువెచ్చని నీటిలో తడిపిన స్పాంజి లోపల పెట్టండి, ఇక మూత ముట్టుకోవద్దు.

జవాబు 2:
పై మాట నిజమే, కానీ తెల్లబడిన పొరని అలాగే వదిలేస్తే గోధుమరంగుకి తిరిగి తోలులా గట్టిపడుతుంది. దూదిపుల్లతో కొబ్బరినూనె పల్చగా పొర మీద అద్దండి. ముక్కు రంధ్రాల దగ్గరికి చుక్క కూడా పోకూడదు. నూనె తగిలితే పొర పారదర్శకమవుతుంది. ఎర్రటి దారాలు (రక్తనాళాలు) కనిపిస్తే ఆపి, గుడ్డుని లోపల పెట్టేసి 4 గంటలాగి మళ్లీ చూడండి. కనిపించకపోతే, 48 గంటలు దాటాక, మొద్దు వైపు గాలి గది (పెంకు లోపల గాలి ఉండే ఖాళీ) మీది పెంకుని చిన్న ముక్కలుగా తీయండి. తల, ముక్కు బయటపడితే చాలు. కింది సగం పిల్లే తన్నుకుని రావాలి, దాన్ని మీరు లాగకండి.

ప్రశ్న:
రక్తం వస్తే? అన్నట్టు, చిల్లు పడింది సన్న కొస వైపు.

జవాబు 1:
అది ముందే చెప్పాల్సింది! గాలి గది మొద్దు వైపే ఉంటుంది. సన్న వైపు పొడిచిన పిల్ల దాన్ని చేరకుండానే పెంకు పగలగొట్టింది, కాబట్టి దానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. జవాబు 2లోలా మొద్దు వైపు తెరవకండి. చిల్లు మూసుకుపోకుండా గాలి ఆడేలా ఉంచి, పొర తడిగా ఉండేలా చూడండి. దారాలు పూర్తిగా మాయమయ్యాకే చిల్లు చుట్టూ పెంకు తీయండి.

రక్తం వస్తే మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) చిటికెడు అద్ది, శుభ్రమైన దూదితో మెల్లగా నొక్కి ఆపండి.

జవాబు 2:
పిల్ల బయటికొచ్చాక బొడ్డుకి దారంలాంటిది వేలాడుతుంటే కత్తిరించొద్దు, అదే ఎండి రాలుతుంది. బొడ్డుకి పోవిడోన్ అయోడిన్ (పుండ్లకి రాసే క్రిమినాశక మందు) ఒక్క చుక్క వేయండి. ఆరేదాకా ఇంక్యుబేటర్లోనే ఉంచండి. మేత మొదటి 24 గంటలు అక్కర్లేదు, పొట్టలో సొన ఉంటుంది. నేల జారకుండా గరుకు గుడ్డ పరచండి, లేదంటే కాళ్లు పక్కకి చాపుకుపోతాయి.