వందేళ్ల వరద హద్దు లోపల కొత్త ఇళ్లకు పర్మిషన్ ఆపేయాలా?

మెరకనేల:
ఏటి పక్క స్థలాల్లో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇచ్చేది స్థానిక సంస్థే. ముంపు వచ్చాక తిట్లు తినేదీ అదే. వందేళ్ల వరద హద్దు లోపల, అంటే అంత పెద్ద వరద వస్తే మునుగుతుందని మ్యాపులో గీసిన నేలలో, కొత్త కట్టడం ఒక్కటి కూడా వద్దని నా వాదన. "పునాది ఎత్తు పెంచితే చాలు" లాంటి మినహాయింపులూ వద్దు. ఒప్పుకోనివాళ్లు కారణాలు చెప్పండి.

ఏటిగట్టు:
నేను ఒప్పుకోను. వందేళ్లకోసారి వచ్చే వరద కోసం తాతల నాటి స్థలాన్ని గడ్డి మేపుకోవడానికి వదిలేయాలా? ఏటేటా పన్ను కట్టించుకునేటప్పుడు అది ముంపు స్థలమని ఎవరికీ గుర్తు రాదు.

లెక్కలపంతులు:
ఏటిగట్టు గారూ, "వందేళ్ల వరద" అన్న పేరే అందర్నీ తప్పుదారి పట్టిస్తోంది. ఏ సంవత్సరమైనా ఆ స్థాయి వరద రావడానికి 1 శాతం అవకాశం ఉందని దాని అర్థం. ఒకసారి వస్తే మళ్లీ తొంభై తొమ్మిదేళ్ల దాకా రాదని కాదు. 30 ఏళ్ల హోమ్ లోన్ తీరేలోపు కనీసం ఒక్కసారైనా నీళ్లు రావడానికి 26 శాతం అవకాశం ఉంది. నాలుగింట ఒక వంతు కంటే కొంచెం ఎక్కువే. పైగా ఎగువన పొలాలు పోయి సిమెంటు పరిస్తే ఆ లెక్క కూడా మారిపోతుంది. పాత మ్యాపు పాత ఏటిని చూసి గీసింది కదా.

ఏటిగట్టు:
సరే, లెక్క ఒప్పుకున్నా. అయితే ఎత్తుగా కడతాను. నా ఇంట్లోకి నీళ్లు రాకపోతే ఎవరికేం నష్టం?

కిందివీధి:
ఆ నష్టం నేను చెబుతానండీ, అనుభవించినదాన్ని కాబట్టి. మేం పాతికేళ్లుగా హద్దు లోపలే ఉంటున్నాం. పక్క స్థలంలో నాలుగడుగుల మట్టి పోసి ఇల్లు కట్టారు. దొంగతనంగా కాదు, పర్మిషన్ తీసుకుని, రూలు ప్రకారమే. తర్వాత వచ్చిన వరదకి వాళ్ల గుమ్మం తడవలేదు. మా వంటింట్లో మాత్రం మోకాలి లోతు నీళ్లు, అంతకుముందు ఎప్పుడూ గడప దాటనివి. ఫిర్యాదు చేస్తే "వాళ్లు ఎత్తు నిబంధన పాటించారమ్మా" అన్నారు. నిజమే, పాటించారు! నిబంధనలో వాళ్ల ఇంటి గురించే ఉంది, మా ఇంటి ఊసే లేదు.

అప్పట్నుంచి దీని గురించి చదువుతూనే ఉన్నా. స్తంభాల మీద కట్టిన ఇల్లు వేరు, మట్టి పోసి కట్టిన ఇల్లు వేరు. స్తంభాల కింద నుంచి నీళ్లు పోతాయి. మట్టి పోస్తే అక్కడ నిలవాల్సిన నీళ్లు ఇంకొకరి మీద పడతాయి. అమెరికాలో ప్రవాహ మార్గాన్ని, అంటే వరద నీళ్లు ప్రధానంగా పారే భాగాన్ని, విడిగా గుర్తించి, అందులో వరద మట్టాన్ని పెంచే ఏ కట్టడాన్నీ ఒప్పుకోరు. కానీ ఆ మార్గం హద్దు గీసేటప్పుడే, దాని పక్కల మిగిలిన ముంపు నేలంతా పూడ్చేసినా మట్టం ఒక అడుగు దాకా పెరగొచ్చని ముందే లెక్క వేసుకుంటారు. ఆ అడుగు ఎవరింట్లో పెరుగుతుందో అడిగేవాళ్లుండరు. అందుకే నాది పూర్తి నిషేధం కాదు. ఎంత మట్టి పోస్తే అంత మట్టిని అదే మట్టంలో, ఆ దగ్గర్లోనే తవ్వి తీయాలి. తీయలేకపోతే పర్మిషన్ ఇవ్వకూడదు.

మెరకనేల:
మీ కష్టం విన్నాక నా వాదనే ఇంకా బలపడింది. స్తంభాల మీద కట్టినవాళ్లు నాలుగేళ్లకి కింద గోడలు పెట్టి గది చేసుకుంటారు. తనిఖీకి ఎవరొస్తారు? మన దేశంలో వరద మైదానాల్లో కట్టడాల మీద నమూనా బిల్లును కేంద్రం రాష్ట్రాలకు పంపింది 1975లో. మణిపూర్ 1978లో, రాజస్థాన్ 1990లో చట్టం చేశాయి. ఇప్పటికీ చట్టం చేసిన రాష్ట్రాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇలాంటిచోట సన్నసన్న షరతులు నిలవవు. వద్దంటే వద్దు అనే రూలు ఒక్కటే నిలుస్తుంది.

గోడమీదపిల్లి:
కరకట్ట ఎత్తు పెంచేస్తే ఈ గొడవే ఉండదుగా?

లెక్కలపంతులు:
కట్ట ఉందన్న ధైర్యంతో దాని వెనకే ఇంకా ఇళ్లు లేస్తాయి. గిల్బర్ట్ వైట్ అనే భూగోళ శాస్త్రవేత్త 1940లలోనే ఈ సంగతి పట్టుకున్నాడు. కట్టలకు పేరుపడ్డ నెదర్లాండ్స్‌లో 1995లో రెండు లక్షల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. తర్వాత అక్కడి నైమేగన్ నగరం దగ్గర వాళ్లే కట్టను వెనక్కి జరిపి నదికి చోటిచ్చారు. అందుకోసం కొన్ని ఇళ్లు తీసేయాల్సి వచ్చింది కూడా.

ఫైలునంబరు:
మెరకనేల గారూ, "వద్దంటే వద్దు" అంటే కోర్టులో నిలుస్తుందా అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీలో (మన జిల్లా లాంటిది) 1978 వరదకి ఒక చర్చి శిబిరం భవనాలు కొట్టుకుపోయాయి. మళ్లీ కట్టకుండా కౌంటీ నిషేధం పెట్టింది. నిబంధన వల్ల స్థలం వాడకం మొత్తం పోతే, అది కొంతకాలమే అయినా, పరిహారం ఇవ్వాల్సిందేనని 1987లో అక్కడి సుప్రీంకోర్టు అంది. పేపర్లలో దీన్నే చెబుతారు. కేసు తిరిగి కింది కోర్టుకు వెళ్లాక ఏమైందో చెప్పరు. ప్రాణరక్షణ కోసం పెట్టిన నిషేధం కాబట్టి అసలు ఆస్తి లాక్కున్నట్టే కాదని అక్కడ తేల్చారు. చర్చికి పరిహారం రాలేదు.

ఇంకోటి. బ్రిటన్‌లో ముంపు ఇళ్లకి బీమా అందుబాటులో ఉంచడానికి 2016లో ఒక పథకం మొదలైంది. 2009 జనవరి 1 నుంచి కట్టిన ఇళ్లకి అది వర్తించదు. పాతవాళ్లని ఆదుకుంటారు, తెలిసి కట్టినవాళ్లని కాదు. నాకైతే ఇది న్యాయంగానే అనిపించింది.

ఏటిగట్టు:
కిందివీధి గారూ, మట్టి సంగతి నేను ఇలా ఆలోచించలేదు. నా స్థలంలో మూడో వంతు హద్దు బయటే ఉంది. ఇరుగ్గా ఉన్నా అక్కడే కడతాను, లోపలి భాగంలో ఒక్క తట్ట మట్టి కూడా పోయను. కానీ ఆ రెండు వంతులకి కూడా ఇళ్ల స్థలం లెక్కన పన్ను ఎందుకు కట్టాలి? మెరకనేల గారూ, నిషేధం అడుగుతున్నది మీరే కాబట్టి దీనికి జవాబు మీరే చెప్పాలి.

మెరకనేల:
కట్టకూడదు. పర్మిషన్ ఇవ్వని నేలకి ఇళ్ల స్థలం పన్ను వేయకూడదని నా ప్రతిపాదనలో చేరుస్తున్నాను.

గోడమీదపిల్లి:
అయితే ఇక ఏ స్థానిక సంస్థా దాన్ని ముట్టుకోదు.