బూడిద మచ్చకు అంత ధరా? కట్టెల బట్టీ పూలకూజాలో కుమ్మరి పనెంత, మంట పనెంత?

లెక్కల మాస్టారు:
మా కోడలు జపాన్ నుంచి షిగరాకి అనే కుమ్మరుల ఊరి పూలకూజా ఒకటి తెచ్చింది. జానెడు ఎత్తు. ఒక పక్క ఆకుపచ్చ గాజు కారి చుక్కగా నిలిచిపోయింది, రెండో పక్క మాడినట్టుంది. ఒంటినిండా తెల్లటి రాతి గింజలు. కుమ్మరి దీనికి గ్లేజు (గాజులా మెరిసే పూత) పూయలేదట, రంగు వేయలేదట, అంతా మంట చేసిందేనట. మరి అంత డబ్బు కుమ్మరికెందుకివ్వాలి? పైగా నీళ్లు పోస్తే తెల్లారేసరికి అడుగున చెమ్మ. ఇది గొప్పా, లోపమా? భక్తి పక్కన పెట్టి చెప్పండి.

ఒసాకా తెలుగోడు:
మాస్టారూ, మంట చేసిన మాట నిజమే. ఆ మంటకి దారి వేసిందెవరు? అనగామా బట్టీ అంటే ఏటవాలు నేల మీద కట్టిన సొరంగం. కింది మూతి దగ్గర పొయ్యి, పై చివర పొగ పోయే దారి, మధ్యలో గోడలుండవు. కట్టె బూడిద మంటతోపాటు ఎగిరొచ్చి కుండల భుజాల మీద పడుతుంది. వేడి 1,200 డిగ్రీలు దాటాక బూడిదలోని సున్నం, పొటాష్ మట్టిలోని సిలికాతో కలిసి కరిగి గాజవుతాయి. పొయ్యి పక్కనున్న కూజాకి దట్టంగా, వెనకున్నదానికి పలచగా. ఏది ఎక్కడ పెట్టాలి, ఏ మొహం మంటవైపు తిప్పాలి, దేనికి ఏది అడ్డుండాలి అన్నది కుమ్మరి లెక్క. బట్టీ సర్దేటప్పుడే సగం పని అయిపోతుంది.

మీ కూజా మీద గాజు కిందికి కారిందా, అడ్డంగా కారిందా చూడండి. అడ్డంగా ఉంటే దాన్ని పడుకోబెట్టి కాల్చారన్నమాట. అది అదృష్టం కాదు కదా.

బిజెన్ ఊరి పద్ధతి ఇంకా తమాషా. కూజాకి వరిగడ్డి చుట్టి, బూడిద తగలకుండా పెద్ద కుండలో దాచి కాలుస్తారు. గడ్డిలోని క్షారం మట్టిలోని ఇనుముతో కలిసిన చోట ఎర్రటి చారలు పడతాయి. గడ్డి ఎక్కడ చుట్టాలో మంట చెప్పదు.

పూలరెక్క:
పది రోజులు, కొన్నిసార్లు రెండు వారాలు రాత్రింబవళ్లు ఎర్ర పైన్ కట్టెలు తగలేసి ఒక కూజా! పురుగు తెగులుతో జపాన్‌లో ఆ పైన్ చెట్లే తగ్గిపోతున్నాయి. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

ఒసాకా తెలుగోడు:
ఒక కూజాకి కాదండీ, బట్టీ నిండా సరుకు ఉంటుంది. కట్టె దొరకడం కష్టమైన మాట మాత్రం నిజం.

మట్టిపిచ్చి:
నేను సారె తిప్పేవాణ్ణి కాబట్టి మాస్టారి పక్షం కాస్త మాట్లాడతా. షిగరాకిలో పాత రోజుల్లో ఇలాంటి జాడీలు చేసింది రైతుల కోసం. విత్తనాలు పోసుకోవడానికి. బూడిద పడితే పడింది, ఎవడికీ పట్టేది కాదు. 16వ శతాబ్దంలో జపాన్ తేనీటి వేడుక నడిపే గురువులు వాటిని ఏరుకొచ్చి పూలు పెట్టారు, అక్కడి నుంచి విలువ మారింది. అంటే మొదట విలువ కట్టింది చేసినవాడి చెయ్యి కాదు, చూసినవాడి కన్ను.

ఆ తర్వాత వచ్చినవాళ్లు కావాలనే వంకర తిప్పడం మొదలెట్టారు. టోక్యోలో 1936లో జానపద కళల మ్యూజియం పెట్టిన యనాగి సోయెత్సుకి ఇదే కోపం. ఎవరో పేరులేని కొరియా కుమ్మరులు ఏమీ అనుకోకుండా చేసిన గిన్నెల్ని నెత్తిన పెట్టుకున్నాడు, తెచ్చిపెట్టుకున్న వంకర ఉన్న రాకు గిన్నెల్ని (తేనీటి వేడుక కోసం చేత్తో మలిచేవి) తప్పుబట్టాడు. నేనూ ఆయన వైపే, కానీ మొత్తంగా కాదు. తెలుగోడు గారు చెప్పిన సర్దుబాటు వేషం కాదు, నిజమైన పని. అలా పని చేసినా బట్టీ తెరిచాక పగిలినవి, వంగినవి, ఒకదానికొకటి అతుక్కున్నవి పక్కన పడేయాల్సిందే. మీరిచ్చిన ధరలో వాటి ఖర్చూ ఉంది.

నా అభ్యంతరం ఇంకోటి. గ్యాస్ బట్టీలో పెట్టే ముందు బూడిద నీళ్లలో కలిపి భుజం మీద పూసేసి, "సహజమైన బూడిద మెరుపు" అని అమ్మేవాళ్లున్నారు. పూయడం తప్పు కాదు, బూడిద గ్లేజు పాత విద్యే. పూశామని చెప్పకపోవడమే మోసం.

లెక్కల మాస్టారు:
సరే, గాజు అడ్డంగానే కారింది. పనితనం ఒప్పుకుంటా. చెమ్మ సంగతి?

ఒసాకా తెలుగోడు:
దానికీ చరిత్ర ఉంది. 1590లో తేనీటి గురువు సెన్ నో రిక్యూ వెదురు నరికి చేసిన పూలగొట్టానికి పగులుంది. నీళ్లు కారుతున్నాయని ఎవరో అంటే, ఆ కారడంలోనే దాని ప్రాణముంది అన్నాడని కథ. ఇగా అనే చోట చేసిన నీళ్ల జాడీ ఒకటి "చిరిగిన సంచి" అనే పేరుతో టోక్యో గోతో మ్యూజియంలో ఉంది. కాలేటప్పుడు అడుగు కుంగి నెర్రెలిచ్చింది. ఈ రోజు అది దేశం కాపాడుకునే ముఖ్య సాంస్కృతిక సంపద.

మట్టిపిచ్చి:
ఇదిగో, ఇక్కడే నాకు మండుతుంది. రిక్యూ గొట్టాన్ని తన తేనీటి గదిలో తన బాధ్యత మీద పెట్టుకున్నాడు. దుకాణంవాడు అదే కథ చెప్పి కారే కూజా అంటగడితే టేబుల్ పాడయ్యేది మాస్టారిది. గ్లేజు లేని మట్టి కాస్త చెమర్చడం సహజం, ఆ మాట అమ్మేటప్పుడే చెప్పాలి. పగుల్లోంచి కారితే పూలకూజా అని అనకూడదు, చూసుకోవడానికి బొమ్మ అని అమ్ముకోవాలి.

పూలరెక్క:
పగులు కూడా అందమే అన్నవాళ్లు వాళ్లింట్లో పరుపు పక్కన పెట్టుకుని చూపించండి 😀

ఒసాకా తెలుగోడు:
చెమ్మకైతే ఇక్కడివాళ్లు చేసేదే చెప్తా. వాడే ముందు కూజాని కాసేపు నీళ్లలో నానబెడతారు. ఇంకా చెమరిస్తే బియ్యం కడుగు నీళ్లో పలచటి గంజో పోసి ఒక రాత్రి ఉంచుతారు, గంజి సన్న రంధ్రాల్లో పేరుకుంటుంది. పొద్దున బాగా కడగాలి, లేకపోతే వాసన.

లెక్కల మాస్టారు:
మా అమ్మ కొత్త కుండకి చేసేదీ అదే. దానికి జపాన్ దాకా పోవాలా? గంజి పోసి చూస్తాను. ధర మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

మట్టిపిచ్చి:
ఒప్పుకోకండి. కానీ పగులు లోపలికి దిగిందో లేదో ముందు చూడండి. నిండా నీళ్లు పోసి బయట పొడి కాగితం చుట్టండి. తడి ఒక గీతలా వస్తే పగులు, అంతటా సమంగా వస్తే మట్టి చెమట. పగులైతే గంజి పనిచేయదు, లోపల చిన్న గాజు గొట్టం దించి పూలు అందులో పెట్టండి.