డెండ్రోబియానికి ఏ పుస్తకం: పాత ఫ్లోరానా, పెంపకం పుస్తకమా?

తీగమొక్క: నా దగ్గరున్నది నర్సరీ డెండ్రోబియం, ఆర్కిడ్ రకం. కాండాలు కిందికి వేలాడుతున్నాయి, ఆకులు పండి రాలుతున్నాయి. చీటీ మీద ‘పియరార్డి’ అని ఉంది. కొత్త జాబితాల్లో ఆ పేరే కనబడదు. ఒక్క పుస్తకానికే డబ్బుంది, ఏది కొనమంటారు?

భూతద్దం: ఏదీ కొనకండి. వృక్షశాస్త్రవేత్త గ్యాంబుల్ ‘ఫ్లోరా ఆఫ్ ది ప్రెసిడెన్సీ ఆఫ్ మద్రాస్’ స్కాన్ ఉచితంగా దొరుకుతుంది; ఫ్లోరా అంటే ఒక ప్రాంతపు మొక్కలన్నిటినీ వివరించే పుస్తకం. గ్యాంబుల్ పోయాక ఆర్కిడ్ల భాగం ఫిషర్ రాశారు, 1928లో. మీ పేరు చిక్కు అక్కడే విడిపోతుంది. మరో వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1795లోనే కోరమాండల్ మొక్కల పుస్తకంలో దీన్ని లిమోడోరం ఎఫిల్లం అని బొమ్మతో సహా ఇచ్చారు. తర్వాత పియరార్డి పేరు వాడుకలోకొచ్చింది, హుకర్ కూడా 1890లో అదే వాడారు. ఫిషర్ పాత పేరుకు ప్రాణం పోసి డెండ్రోబియం ఎఫిల్లం అన్నారు. ఒక్క జాగ్రత్త: 1957 పునర్ముద్రణలో పేజీ నంబర్లు మారాయి. ఎవరైనా 1416వ పేజీ అంటే అది మొదటి ముద్రణ లెక్క.

బొగ్గుముక్క: ఆ పేజీలో నీళ్లు ఎప్పుడు పోయాలో ఉందాండీ? లేదు. బేకర్ దంపతుల ‘ఆర్కిడ్ స్పీసీస్ కల్చర్’ డెండ్రోబియం సంపుటం, 1996, అది కొనండి. ఒక్కో జాతికీ అది పుట్టిన చోటుకు దగ్గరలోని వాతావరణ కేంద్రం లెక్కలుంటాయి: నెలవారీ వాన, వేడి, తేమ. ఎత్తు తేడాకు వేడిని సరిచేసి ఇస్తారు. కింద వెలుతురు, ఎరువు, విశ్రాంతి కాలం. పట్టికలో వాన తగ్గిన నెలలు చూస్తే చాలు, మీ మొక్క ఆకులెందుకు రాలుస్తోందో తెలిసిపోతుంది.

భూతద్దం: ఆ పట్టిక ఏదో ఒక్క చోటుది. ఎఫిల్లం హిమాలయాల అడుగు నుంచి తూర్పు కనుమల దాకా, అటు మలేసియా దాకా ఉంది. పైగా అందులో ఫొటోలు లేవు. తప్పు పేరుతో తెరిస్తే తప్పు పేజీయే వస్తుంది. పూల కొట్లలో దొరికే ఫలెనాప్సిస్ రకం డెండ్రోబియాన్ని ఎఫిల్లం అనుకుని మూడు నెలలు ఎండగడితే కాండాలు ముడుచుకుపోతాయి. పేరే ముందు.

నాచు: ఆయన మొక్కకు పువ్వే లేదు కదా?

భూతద్దం: నిజమే, పువ్వు లేనిదే ఫ్లోరాలోని కీ, అంటే లక్షణాలు ఒక్కొక్కటే సరిచూస్తూ పేరు తేల్చే పట్టిక, నడవదు. పూశాక చూడండి. పువ్వు నడుమ కాలమ్ (కేసరం, కీలం కలిసిపోయిన కాడ) కొసన చిన్న మూత ఉంటుంది, సూదిమొనతో లేపండి. పది రెట్ల భూతద్దంలో పసుపు మైనపు పుప్పొడి ముద్దలు లెక్కపెట్టండి: డెండ్రోబియమైతే నాలుగు, ఎరియా అనే వేరే ఆర్కిడ్ అయితే ఎనిమిది. తర్వాత పెదవి, అంటే మిగతావాటికి భిన్నంగా ఉండే రేకు: ఎఫిల్లానిది లేత పసుపు, అంచున సన్నని నూగు. మాక్రోస్టాకియం అనే మరో డెండ్రోబియం కూడా ఇలాగే వేలాడుతుంది కానీ పువ్వు చిన్నది, ఆకుపచ్చ కలిసిన పసుపు.

బొగ్గుముక్క: ఈ సలహా నిరుడూ ఇచ్చారు. ఏమైంది? కీ సరిచూస్తామని కనుమల నుంచి కొమ్మతో సహా నరికి తెచ్చి ఇక్కడే ఫొటోలు పెట్టారు. ఒక్కరూ వద్దనలేదు.

భూతద్దం: ఆ నింద గ్యాంబుల్ మీద వెయ్యకండి! కీకి ఒక్క పువ్వు చాలు, మొక్క అక్కర్లేదు. ఏ కొండ మీద ఏ జాతి ఉందో రాసిపెట్టకపోతే రేపు అక్కడ క్వారీ పెడతామన్నప్పుడు ఏం చూపిస్తారు?

బొగ్గుముక్క: కొండ పేరు రాస్తే మొక్కలమ్ముకునేవాడికి దారి చూపినట్టే. నా గొడవ మొదటి నుంచీ ఇదే, పుస్తకం గురించి కాదు. ఆర్కిడ్లన్నీ సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాల్లో ఉన్నాయి, అయినా సంతలో అమ్ముతూనే ఉన్నారు. ఫిషర్ కూడా ఎక్కువగా ‘నార్తర్న్ సర్కార్స్’ అని ప్రాంతం చెప్పి ఊరుకున్నారు. మనకూ అంత చాలదా?

భూతద్దం: బయటికి జిల్లా వరకే రాద్దాం, సరే. కానీ కచ్చితమైన చోటు హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కలు దాచే చోటు) నమూనా చీటీ మీద ఉండి తీరాలి. అది మాత్రం వదులుకోను.

తీగమొక్క: స్కాన్ దించుకున్నాను. బేకర్ పుస్తకం పాతది ఎక్కడైనా దొరుకుతుందేమో చూస్తా. ఈలోగా నీళ్లు?

బొగ్గుముక్క: ఎఫిల్లమే అయితే, ఆకులు రాలాక వారానికోసారి ఉదయం పైపైన చిలకరింపు, అంతే. ఎరువు పూర్తిగా ఆపండి. చలికాలమంతా తడిపితే కణుపుల దగ్గర మొగ్గలకు బదులు పిల్లమొక్కలు లేస్తాయి. ఎండినట్టున్న కాండాలు కొయ్యకండి, ఫిబ్రవరి తర్వాత పూసేది వాటి మీదే.